షటిల్ ఆటకు తగిన శరీర శిక్షణ: కొండాపూర్ కేంద్రంపై ఒక తల్లి సమీక్ష

ఈ కేంద్రంలో షటిల్ ఆట నేర్పరు. ఆట నేర్చుకోవడానికి అకాడమీలకు వెళ్లే పిల్లల శరీరాన్ని ఆ ఆటకు తగినట్టుగా సిద్ధం చేస్తారు. ఈ సంగతి తెలియక, కోర్టు ఎక్కడుందని రిసెప్షన్ దగ్గర అడిగే తల్లిదండ్రులు తరచూ కనిపిస్తుంటారు కాబట్టి ముందుగా ఈ మాట రాస్తున్నాను. మా అమ్మాయి అండర్-15 సింగిల్స్ ఆడుతుంది. ఉదయం పూట అకాడమీలో ప్రాక్టీస్ చేసి, వారంలో మూడు సాయంత్రాలు ఇక్కడికి వస్తుంది. గత వేసవి సెలవుల్లో చేర్పించాం, ఇప్పటికీ కొనసాగిస్తున్నాం. మంచి చెడ్డలు రెండూ చెప్పగలిగేంత కాలం గడిచిందని నా నమ్మకం.

హైదరాబాద్‌లో షటిల్ నేర్పే చోట్లకు కొదవ లేదు. 2008లో గచ్చిబౌలిలో పుల్లెల గోపీచంద్ అకాడమీ మొదలైన తర్వాత, అక్కడి నుంచి సైనా, సింధు, శ్రీకాంత్ వంటివారు ప్రపంచ స్థాయికి ఎదిగిన తర్వాత, కాలనీకొక ఇండోర్ కోర్టు వెలిసింది. కానీ ఫిట్‌నెస్ విషయానికి వచ్చేసరికి చాలామంది పిల్లలు ఇంటి పక్కనున్న మామూలు జిమ్‌కో, ప్రాక్టీస్ అయ్యాక మైదానం చుట్టూ పరుగుకో పరిమితమవుతున్నారు. మేము కూడా మొదట ఒక జిమ్‌లో చేర్పించాం. అక్కడ ఒళ్లు అలిసేలా చేయించడమే శిక్షణ అనుకునేవారు. రెండు గంటలు కోర్టులో ఆడి వచ్చిన పిల్లతో ట్రెడ్‌మిల్ మీద కిలోమీటర్ల కొద్దీ పరుగు తీయించి, ఆ పైన వరుసగా బర్పీలు (నేల మీదికి వంగి, కాళ్లు వెనక్కి చాచి, మళ్లీ లేచి గెంతే వ్యాయామం) చేయించేవారు. పిల్ల మోకాలిచిప్ప కింద నొప్పి అంటే, కొత్తలో అందరికీ ఉండేదే అని తీసిపారేశారు. ఆ నొప్పి తగ్గకపోవడం వల్లనే మేము షటిల్‌కు ప్రత్యేకించిన శిక్షణ గురించి వెతికి, ఒక ఫిజియో చెప్పగా ఇక్కడికి వచ్చాం.

ఇక్కడ మొదటి రోజు బరువులు పట్టనివ్వలేదు. తల్లిదండ్రులను కూడా కూర్చోబెట్టి, సింగిల్స్ ఆట శరీరాన్ని ఏమడుగుతుందో వివరించారు. ఒక్క క్రీడాకారిణి కాపాడుకోవలసిన సగం కోర్టు 6.7 మీటర్ల పొడవు, 5.18 మీటర్ల వెడల్పు మాత్రమే. అంత చిన్న చోటులో పరుగు వేగం పూర్తిగా అందుకునే అవకాశమే ఉండదు. రెండు మూడు అడుగుల్లో వేగం తెచ్చుకోవాలి, షటిల్ అందగానే అంతే త్వరగా ఆగాలి, ఆగిన మరుక్షణం దిక్కు మార్చుకొని మధ్యకు రావాలి. ర్యాలీలు చాలావరకు పది సెకన్ల లోపే ముగుస్తాయి, ఆ తర్వాత దొరికే విరామం దాదాపు దానికి రెట్టింపు ఉంటుంది. ఈ లెక్క మీదనే మిగతా శిక్షణంతా నిలిచి ఉంటుందని ఆ రోజు అన్నారు. ఇన్ని నెలలుగా చూస్తున్నాను, ఆ మాట నుంచి వారు పక్కకు జరగలేదు. నేను ఈ కేంద్రాన్ని మెచ్చుకోవడానికి మొదటి కారణం అదే.

ఆ తర్వాత జరిగిన పరీక్షలు కూడా ఆటకు సంబంధించినవే. గోడకు ఎదురుగా నిలబడి, మడమ లేవకుండా మోకాలు గోడకు తాకించగలిగే దూరాన్ని కొలిచి చీలమండ ఎంత వంగుతుందో చూశారు. ఒంటికాలిపై ముందుకు గెంతించి కుడి ఎడమల మధ్య తేడా చూశారు. నిలువుగా ఎగిరే ఎత్తు, ఇరవై మీటర్ల దూరాన్ని బీప్ శబ్దానికి అనుగుణంగా పరుగెత్తి వచ్చి పది సెకన్లు ఆగి మళ్లీ పరుగెత్తే యో-యో పరీక్ష, భుజం లోపలికీ బయటికీ తిరిగే కోణం, ఇవన్నీ నమోదు చేసి కాగితం చేతికిచ్చారు. మా అమ్మాయిది కుడిచేతి వాటం. నెట్ దగ్గర ఎప్పుడూ కుడికాలే ముందుకు వేసి అందుకుంటుంది కాబట్టి కుడి తొడ బలంగా ఉంది, ఎడమ కాలు బాగా వెనకబడి ఉంది. ఇన్నేళ్లుగా పిల్లను ఆడిస్తున్నా ఈ తేడా మాకు ఎవరూ చెప్పలేదు.

ఆ ఎడమ కాలి విషయం కాస్త వివరంగా రాయాలి. కుడిచేతి వాటం ఉన్నవారికి బ్యాక్‌హ్యాండ్ వైపు వెనక మూలకు షటిల్ ఎత్తుగా వెళ్లినప్పుడు, వారు వెనక్కి వాలుతూ గాలిలోకి లేచి, తల చుట్టూ రాకెట్ తిప్పి కొట్టి, ఒంటి భారమంతా ఎడమ కాలి మీద మోపి దిగుతారు. షటిల్ ఆటలో మోకాలి లోపలి ఏసీఎల్ లిగమెంట్ తెగడానికి తరచుగా కారణమయ్యేది ఈ ఒంటికాలి దిగుడే. ఎడమచేతి వాటం గల స్పెయిన్ క్రీడాకారిణి కరోలినా మారిన్ 2019 జనవరిలో ఇండోనేషియా మాస్టర్స్ ఫైనల్లో సైనాపై 10-4తో ముందంజలో ఉండగా కుడి మోకాలు దెబ్బతిని ఆట వదిలేయవలసి వచ్చింది. 2021లో ఎడమ మోకాలికి అదే గాయమైంది, 2024 పారిస్ ఒలింపిక్స్ సెమీఫైనల్లో ఆధిక్యంలో ఉండగా కుడి మోకాలు మళ్లీ మొరాయించింది. అంతటి క్రీడాకారిణికి, అంతటి సిబ్బంది ఉన్నా జరిగిందంటే శిక్షణతో ఈ గాయాన్ని పూర్తిగా తప్పించవచ్చని ఎవరూ మాట ఇవ్వలేరు. ఈ కేంద్రం వారు కూడా ఇవ్వలేదు. కానీ దిగడం కూడా ఒక నైపుణ్యమేనని, దాన్ని స్మాష్ నేర్చుకున్నంత శ్రద్ధగా నేర్చుకోవాలని వారు పట్టుబడతారు.

ఆ సాధన ఎలా సాగుతుందో చెబుతాను. మోకాలి ఎత్తు కూడా లేని చెక్కపెట్టె మీద పిల్లను నిలబెట్టి, ఎగరకుండా కేవలం అడుగు బయటకు వేసి ఎడమ కాలి మీద దిగమన్నారు. ట్రైనర్ ఎదురుగా నేల మీద కూర్చొని ఫోన్‌లో స్లో మోషన్‌లో తీశారు. తీసింది పిల్లకూ నాకూ చూపిస్తే, పాదం నేలను తాకిన క్షణంలో మోకాలు లోపలికి, రెండో కాలి వైపుకు వాలిపోవడం స్పష్టంగా కనిపించింది. "చూడమ్మా, మోకాలు పాదం మీదుగా ఉండాలి, తుంటి వెనక్కి వెళ్లాలి, కింద చప్పుడు రాకూడదు" అని చెప్పి మళ్లీ చేయించారు. వారాల తరబడి అదే పెట్టె, అదే అడుగు. చప్పుడు లేకుండా దిగడం అలవాటయ్యాక పక్కకు గెంతి దిగడం, ఆ తర్వాత వెనక్కి తిరిగి దిగడం, చివరకు చేతిలో రాకెట్ పట్టుకొని ట్రైనర్ విసిరిన షటిల్‌ను కొట్టి దిగడం వరకు తీసుకొచ్చారు. మధ్యలో నాకు విసుగొచ్చి, ఇంకా ఎన్నాళ్లు ఈ పెట్టె అని అడిగాను. "మేడమ్, అలిసిపోయినప్పుడు కూడా ఇలాగే దిగగలిగితే అప్పుడు తీసేస్తాం" అన్నారు. నిజమే, మూడో గేమ్‌లో కాళ్లు బరువెక్కిన వేళ వచ్చే దిగుడే అసలైన పరీక్ష.

ఆగడం మీద పెట్టే శ్రద్ధ కూడా ఇటువంటిదే. నెట్ దగ్గర డ్రాప్ (నెట్ దాటగానే కిందికి పడే షాట్) అందుకోవడానికి ముందరి కాలు చాచి వేసే లంజ్‌లో ఆ కాలి మీద ఒంటి బరువుకు రెండింతలు, కొన్నిసార్లు అంతకు మించిన భారం పడుతుంది. ఒక్క మ్యాచ్‌లో ఇటువంటి లంజ్‌లు వందల్లో ఉంటాయి. మోకాలిచిప్ప కింది స్నాయువు నొప్పి షటిల్ పిల్లల్లో ఇంత ఎక్కువగా కనిపించడానికి కారణం ఇదే. ఈ కేంద్రంలో లంజ్‌ను మూడు ముక్కలుగా విడదీసి చేయిస్తారు: మడమతో నేలను తాకడం, తొడ, పిరుదుల కండరాలతో వేగాన్ని అణచడం, వెనక కాలిని ఈడ్చుకుంటూ తిరిగి మధ్యకు నెట్టుకోవడం. ఒక కాలు ముందు, ఒక కాలు వెనక పెట్టి నెమ్మదిగా కిందికి దిగి ఆగే స్ప్లిట్ స్క్వాట్‌లు, మోకాళ్ల మీద కూర్చొని వెనక నుంచి ఎవరైనా పాదాలు పట్టుకోగా ముందుకు వాలే నార్డిక్ వ్యాయామం, గజ్జల కండరాల కోసం పక్కవాటుగా బెంచీ మీద కాలు ఆనించి చేసే ప్లాంక్, ఇవన్నీ ఆగే శక్తి కోసమే. మా అమ్మాయికి మోకాలి కింది నొప్పి తగ్గుముఖం పట్టింది ఈ దశలోనే. పూర్తిగా పోయిందని రాయను, వరుసగా టోర్నమెంట్లు పడినప్పుడు కాస్త మళ్లీ కనిపిస్తుంది, కానీ మెట్లు దిగేటప్పుడు గోడ పట్టుకునే పరిస్థితి ఇప్పుడు లేదు.

దమ్ము పెంచే పద్ధతి నన్ను బాగా ఆకట్టుకుంది. 2017 గ్లాస్గో ప్రపంచ ఛాంపియన్‌షిప్ ఫైనల్లో సింధు, జపాన్ క్రీడాకారిణి ఒకుహార 110 నిమిషాల పాటు పోరాడిన మ్యాచ్ చూసిన తల్లిదండ్రులందరికీ పిల్లలకు అంతటి దమ్ము కావాలనే కోరిక ఉంటుంది. రెండో గేమ్‌ను ముగించిన ఆ 73 షాట్ల ర్యాలీని ఇప్పటికీ పిల్లలకు చూపిస్తుంటాం. అయితే ఆ దమ్ము ఒకే వేగంతో సాగే పరుగుతో రాదు, ఎందుకంటే అక్కడ కూడా జరిగింది వరుస కుదుపులే, ఒకదాని తర్వాత ఒకటిగా, మధ్యలో కొన్ని ఊపిరులు తీసుకునే వ్యవధితో. ఇక్కడ పది పదిహేను సెకన్లు షటిల్ లేకుండానే పూర్తి వేగంతో కోర్టు మూలలకు కదిలే షాడో, ఆ తర్వాత ఇరవై ముప్పై సెకన్ల విరామం, అలా కొన్ని వరుసలు, ఒక వరుసకూ మరో వరుసకూ మధ్య ఒక నిమిషం. ఆ ఒక నిమిషాన్ని కూడా వృథాగా పోనివ్వరు. గేమ్‌లో 11 పాయింట్ల దగ్గర దొరికే 60 సెకన్ల విరామంలో చేయవలసినట్టే ఊపిరి నిదానింపజేసుకోవడం, నాలుగు గుక్కల నీళ్లు తాగడం, కోచ్ మాట వినడం సాధన చేయిస్తారు. పాయింట్ల మధ్య గుండె వేగం త్వరగా దిగిరావడానికి మామూలు దమ్ము కూడా అవసరమే కాబట్టి దాన్ని వదిలేయకుండా వారానికొకసారి సైకిల్ మీద తేలికగా చేయిస్తారు. పరుగు పెట్టిస్తే అప్పటికే ఒత్తిడి పడుతున్న మోకాళ్లకు మరింత భారం అవుతుందని వారి ఉద్దేశం, నాకు అది సబబుగానే తోచింది.

బరువుల విషయంలో నాకూ భయం ఉండేది. చిన్న వయసులో బరువులెత్తితే పొడవు పెరగరని మా అత్తగారు గట్టిగా చెప్పారు, మావారు కూడా సందేహించారు. సరైన పద్ధతిలో, పక్కన చూసేవారుండగా, వయసుకు తగిన బరువుతో చేస్తే ఎదుగుదల ఆగదని ఇక్కడి ఫిజియో ఓపికగా వివరించారు. అసలు జాగ్రత్త వేరే చోట తీసుకుంటున్నారు. తలుపు పక్క గోడ మీద ప్రతి పిల్లకూ ఒక నిలువు గీత, నెలనెలా కొలిచిన ఎత్తు, పక్కన తేదీ ఉంటాయి. ఎముకలు ఒక్కసారిగా పొడుగు సాగే నెలల్లో కండరాలు, స్నాయువులు వెంటనే సర్దుకోలేవు, మోకాలి కింద ఎముక మీద బొడిపెలా వచ్చి నొప్పి పుట్టేది ఎక్కువగా ఆ వయసులోనే. గీత త్వరగా పైకి జరిగిన నెలలో మా అమ్మాయికి గెంతులు తగ్గించి, సమతూకం, బలం మీద దృష్టి పెట్టారు. పిల్లలు ఎదిగే శరీరాలతో ఆడుతున్నారన్న సంగతి గుర్తుపెట్టుకున్న శిక్షకులను నేను ఇంతకు ముందు చూడలేదు.

భుజం గురించి క్లుప్తంగా చెబుతాను. రాకెట్ బరువు 80, 90 గ్రాములే అయినా స్మాష్ తర్వాత చేతి వేగాన్ని అణచవలసింది భుజం వెనక ఉండే చిన్న కండరాలు. రబ్బరు బ్యాండ్లతో వాటికి రోజూ కొంచెం పని ఇంటికి ఇస్తారు. బరువైన రాకెట్‌తో స్మాష్ కదలికను పదే పదే చేయించడం వంటివి ఇక్కడ లేవు. ఆట కదలికను బరువుతో అనుకరిస్తే ఆటకు తగిన శిక్షణ అవుతుందనుకోవడం పొరపాటని, దానివల్ల కొట్టే సమయజ్ఞానం చెడుతుందని వారంటారు, నేనూ ఒప్పుకుంటాను.

ఈ స్పష్టత ఉన్నచోటే గోడ మీద మెరిసే లైట్ల యంత్రం ఎందుకు కొన్నారో నాకు అర్థం కాదు. రంగు లైటు వెలిగిన వెంటనే చేత్తో తాకడం పిల్లలకు సరదాగానే ఉంటుంది, చూడడానికి వచ్చిన తల్లిదండ్రులు వీడియోలు కూడా తీసుకుంటారు. కానీ కోర్టులో లైట్లు వెలగవు. ప్రత్యర్థి భుజం ఎటు తిరిగింది, రాకెట్ ముఖం ఎలా ఉంది, నిలబడ్డ తీరేమిటి అన్నవి చూసి షటిల్ ఎటు రాబోతోందో ముందే పసిగట్టాలి. మన అమలాపురం కుర్రాడు సాత్విక్ సాయిరాజ్ స్మాష్ 2023లో గంటకు 565 కిలోమీటర్ల వేగంతో గిన్నిస్ రికార్డుకెక్కింది. అటువంటి దెబ్బను రాకెట్‌ను వీడిన తర్వాత చూసి స్పందించడం ఎవరి వల్లా కాదు. ఆ యంత్రం ముందు గడిపే సమయం మల్టీ షటిల్‌కు, అంటే ఒకదాని వెంట ఒకటిగా షటిళ్లు అందించి కొట్టించే సాధనకు ఇస్తే మేలు.

ఇక లోపాలు. సాయంత్రం ఆరు నుంచి ఎనిమిది మధ్య బ్యాచ్‌లో పిల్లలు ఎక్కువ, ట్రైనర్లు తక్కువ. నేను పైన వర్ణించిన శ్రద్ధ ఆ వేళల్లో సగానికి పడిపోతుంది. నార్డిక్ వ్యాయామంలో పాదాలు పట్టుకునేది తోటి పిల్లలే, వారికి పట్టు చాలక జారిన సందర్భాలు నేను చూశాను. రెండోది ఇంకా పెద్దది. అకాడమీ కోచ్‌కూ ఇక్కడి ట్రైనర్‌కూ మధ్య నేరుగా మాటలు లేవు. ఎంతసేపు ఆడింది, ఎంత అలిసింది అని పిల్ల చేత పుస్తకంలో రాయిస్తారు గాని, ఆ పుస్తకాన్ని ప్రతి వారం తెరిచి చూస్తారన్న నమ్మకం నాకు లేదు. జిల్లా టోర్నమెంట్‌కు రెండు రోజుల ముందు కాళ్లకు బరువైన వ్యాయామం చేయించారు. పిల్ల మొదటి మ్యాచ్‌కు తొడలు పట్టేసి వెళ్లింది. గెలుపోటముల మాట అటుంచితే, ఆటకు తగిన శిక్షణ అని చెప్పుకునే చోట ఆటల క్యాలెండర్ గోడ మీద లేకపోవడం క్షమించదగిన లోపం కాదు. గట్టిగా అడిగిన తర్వాత క్యాలెండర్ పెట్టారు, అప్పటి నుంచి టోర్నమెంట్ వారంలో భారం తగ్గిస్తున్నారు.

ఆహార సలహా పేరుతో ఇచ్చిన కాగితం ఎవరి ఇంటికీ పనికొచ్చేలా లేదు. క్వినోవా, బ్రొకోలీ, ప్రోటీన్ పొడి అని రాసి ఉంది. అన్నం, పప్పు, పెరుగు, గుడ్డు, వేరుశనగ తినే ఇంట్లో ప్రాక్టీస్‌కు ముందు ఏది ఎంత పెట్టాలి, తర్వాత ఎంతసేపటికి తినిపించాలి అన్నది చెప్పి ఉంటే ఉపయోగపడేది. ఆడే పని పెరిగి తిండి పెరగకపోతే ఆడపిల్లల్లో నెలసరి తప్పడం, ఎముకలు బలహీనపడడం జరగవచ్చు. కాబట్టి ఇది తేలికగా తీసుకోవలసిన విషయం కాదు. ఇందులో ఒక ఊరట ఏమిటంటే ఉదయం బ్యాచ్‌లో మహిళా ట్రైనర్ ఉన్నారు, నెలసరి రోజుల్లో ఎలా ఉందని ఆవిడ పిల్లలను సహజంగా అడుగుతారు, దాన్నిబట్టి ఆనాటి పని మారుస్తారు. సాయంత్రం కూడా అటువంటి ఒకరు ఉండాలి.

పెద్దవారి బ్యాచ్ గురించి కూడా ఒక మాట. వారాంతాల్లో అపార్ట్‌మెంట్ కోర్టులో ఆడే ముప్పై, నలభై ఏళ్ల మగవారికి మడమ వెనకున్న అకిలీస్ స్నాయువు తెగడం ఈ ఆటలో బాగా తెలిసిన గాయం. వెనక నుంచి ఎవరో తన్నినట్టు అనిపించి వెనక్కి తిరిగి చూస్తే ఎవరూ ఉండరు. మావారు పిక్క పట్టేస్తోందని చెప్పి ఇక్కడికి వస్తే, మెట్టు అంచు మీద మునివేళ్లతో నిలబడి మడమలను నెమ్మదిగా కిందికి దించే వ్యాయామం ఇచ్చి, పన్నెండు వారాలు వదలకుండా చేయమన్నారు, వార్మప్ లేకుండా కోర్టులో అడుగుపెట్టవద్దన్నారు. పెద్దవారికి ప్రతిరోజూ రావలసిన అవసరం లేదని, నెలకొకసారి చూపించుకుంటే చాలని వారే చెప్పడం నిజాయతీగా అనిపించింది.

ఫీజు మాకు నెలకు 8,000 రూపాయలు పడుతోంది. మొదటి పరీక్షలకు 2,500 విడిగా తీసుకున్నారు, ఫిజియో అవసరమైతే అది కూడా వేరు. మధ్యతరగతి ఇంటికి, అకాడమీ ఫీజు, రాకెట్లు, షటిళ్లు, ప్రయాణాల ఖర్చుల మీద ఇది చిన్న మొత్తం కాదు. పదేళ్ల లోపు పిల్లలను ఇక్కడ చేర్పించవద్దనే నా సలహా, ఆ వయసులో నాలుగు రకాల ఆటలు ఆడితే చాలు. వారానికి నాలుగైదు రోజులు ఆడుతూ టోర్నమెంట్లకు వెళ్లే పిల్లలకు, ముఖ్యంగా మోకాలి నొప్పితో బాధపడుతున్నవారికి ఈ డబ్బు దండగ కాదు. బడి పరీక్షల నెలల్లో ఫీజు ఆపుకొనే వెసులుబాటు ఇవ్వమని మేము కొందరం అడిగాం, ఇంకా తేల్చలేదు. చేరాలనుకునేవారు ఉదయం బ్యాచ్‌లో ఖాళీ ఉందో లేదో ముందు కనుక్కోండి, మీ అకాడమీ కోచ్ ఫోన్ నంబరు ట్రైనర్‌కు మొదటి రోజే ఇవ్వండి, వచ్చే మూడు నెలల టోర్నమెంట్ తేదీలు కాగితం మీద రాసి వారి చేత గోడకు అంటింపజేయండి.